ఒక బిందువు, వాలు ఇస్తే సరళరేఖ సమీకరణం: ఏ సూత్రం పట్టుకోవాలి?

కావలి_నాన్న
మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. సరళరేఖల పాఠం మొదలైనప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. కాలేజీలో సూత్రాల కాగితం ఒకటి ఇచ్చారు. వాలు-బిందు రూపం, వాలు-అంతరఖండ రూపం, రెండు బిందువుల రూపం, అంతరఖండ రూపం, అభిలంబ రూపం, సౌష్ఠవ రూపం అని వరసగా ఉన్నాయి. అన్నీ బట్టీ పట్టింది. లెక్క ముందు పెడితే మాత్రం ఏది వాడాలో తోచక అలా కూర్చుండిపోతుంది.

మొన్న స్లిప్ టెస్టులో అడిగింది ఇదీ: (3, –2) గుండా పోతూ వాలు –4/5 గల సరళరేఖ సమీకరణం కనుక్కోండి. ముందు వై = ఎమ్ఎక్స్ + సి రాసి, సి దగ్గర –2 వేసింది. అనుమానం వచ్చి కొట్టేసి, వై + 2 = –4/5 (ఎక్స్ – 3) అని రాసి ఆపేసింది. సాధారణ రూపంలోకి, అంటే ఎఎక్స్ + బివై + సి = 0 లా మార్చలేదని సగం మార్కులే ఇచ్చారు. ప్రశ్నలో ఆ మాటే లేదు. ఇది న్యాయమేనా? అసలు వీటిలో దేన్ని గట్టిగా పట్టుకుంటే మిగతావి వాటంతటవే వస్తాయి? నాది కామర్స్ డిగ్రీ, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పేంత లెక్కలు రావు.

కనిగిరి_బీటెక్
వై = ఎమ్ఎక్స్ + సి ఒక్కటి చాలన్నా, ఎమ్ అంటే వాలు. ఇచ్చిన బిందువును అందులో వేస్తే సి వస్తుంది. –2 = (–4/5)(3) + సి. అంటే సి = –2 + 12/5 = 2/5. వై = –4/5 ఎక్స్ + 2/5. నేను ఇంజనీరింగ్ మొత్తం దీంతోనే లాగించాను.

మైపాడు_అల
ఆ –2 + 12/5 దగ్గరే సగం మంది పిల్లలు మునిగిపోతారు తమ్ముడూ. నేను ట్యూషన్ చెబుతాను, రోజూ చూస్తున్నదే. అక్కర్లేని భిన్నం ఒకటి మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది.

ఒంగోలు_గిత్త
సి అంటే రేఖ వై-అక్షాన్ని తాకే చోటు. బిందువులోని వై నిరూపకం కాదు. ఆ అమ్మాయి ముందు సి దగ్గర –2 వేసిందంటే తికమక అక్కడే ఉంది. (0, –2) అని ఇచ్చి ఉంటే అది కరెక్టే అయ్యేది. ఇచ్చింది (3, –2).

పొదిలి_మాస్టారు
కావలి_నాన్న గారూ, మీ అమ్మాయి కొట్టేసి రాసిన రెండో సమీకరణం నూటికి నూరు పాళ్ళూ సరైనదే. ముందు ఆ మాట ఆమెకు చెప్పండి. ఆ పిల్ల సరైన దారిలోనే ఉంది.

ఇక సూత్రం సంగతి. ఆ కాగితాన్ని కాసేపు పక్కన పెట్టించండి. వాలు అంటే ఏమిటో మాత్రం అడగండి. రేఖ మీద ఏ రెండు బిందువులు తీసుకున్నా, వై ఎంత మారిందో దాన్ని, ఎక్స్ ఎంత మారిందో దానితో భాగిస్తే వచ్చేది వాలు. రేఖ సరళరేఖ కాబట్టే ఏ రెండు బిందువులు తీసుకున్నా ఆ విలువ ఒకటే వస్తుంది. ఇంతవరకు పదో తరగతి పిల్లలకూ అర్థమవుతుంది.

ఇప్పుడు రెండు బిందువుల్లో ఒకటి మనకు తెలుసు, (3, –2). రెండోదాన్ని రేఖ మీద ఎక్కడైనా ఉండనివ్వండి, దాని పేరు (ఎక్స్, వై). ఈ రెండింటి మధ్య వాలు –4/5 కావాలి.

(వై – (–2)) / (ఎక్స్ – 3) = –4/5

హారాన్ని అటువైపు గుణించండి.

వై + 2 = –4/5 (ఎక్స్ – 3)

అయిపోయింది. ఇదే వాలు-బిందు రూపం. వాలు నిర్వచనాన్నే పక్కకు తిప్పి రాశాం. కొత్తగా బట్టీ పట్టాల్సింది ఇందులో ఏమీ లేదు. తెలిసిన బిందువు (0, సి) అయితే ఇదే వై = ఎమ్ఎక్స్ + సి అవుతుంది. వాలు ఇవ్వకుండా రెండు బిందువులు ఇస్తే, ముందు వాటితో వాలు కట్టి ఇందులోనే వేస్తాం, అది రెండు బిందువుల రూపం. ఆ రెండు బిందువులూ (ఎ, 0), (0, బి) అయితే అంతరఖండ రూపం. మీరడిగిన "దేన్ని పట్టుకోవాలి" అన్నదానికి నా జవాబు ఇదే.

కావలి_నాన్న
మాస్టారూ, ఇది నాకే అర్థమైందంటే మా అమ్మాయికి అర్థమవుతుంది. రాత్రికి చూపిస్తాను. మార్కుల సంగతి కూడా చెప్పండి.

పెన్నా_గట్టు
నేను లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. దిద్దేవాళ్ళ వైపు నుంచి ఒక మాట. ఒకే రేఖను పిల్లలు పది రకాలుగా రాస్తారు. ఒకడు (3, –2) వాడతాడు, ఇంకొకడు అదే రేఖ మీద (–2, 2) పట్టుకుని వై – 2 = –4/5 (ఎక్స్ + 2) అని రాస్తాడు. పైకి చూస్తే రెండూ వేరు. విప్పితే రెండూ 4ఎక్స్ + 5వై – 2 = 0. జవాబు ఆ రూపంలోకి తెస్తే వేరువేరు దారుల్లో వచ్చినవాళ్ళంతా ఒక్క చోట కలుస్తారు. అందుకే చివరి మెట్టు అడుగుతాం. ఆ కాలేజీ వాళ్ళు మరీ తప్పు చేశారని నేను అనను.

పొదిలి_మాస్టారు
సార్, చివరి మెట్టు మంచిదే, ఒప్పుకుంటాను. కానీ ప్రశ్నలో "సాధారణ రూపంలో రాయండి" అని అడగకుండా సగం మార్కులు కోయడం నాకు సమ్మతం కాదు. సమీకరణం కనుక్కోమన్నారు, కనుక్కుంది. తరగతిలో ముందే "ఇలాగే ముగించాలి" అని చెప్పి ఉంటే అర మార్కు తగ్గించవచ్చు. సగం తీసేస్తే ఆ పిల్ల తన పద్ధతే తప్పనుకుంటుంది. నష్టం మార్కులో కన్నా అక్కడే ఎక్కువ.

పెన్నా_గట్టు
సగం ఎక్కువే, అది కాదనను. కానీ పిల్లలకు ఆ అలవాటు మాత్రం చేయించాలి.

నెల్లూరు_ర్యాంకర్
ఈఏపీసెట్‌కి ప్రిపేరయ్యేవాళ్ళ కోసం. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే. ఒక్కో ప్రశ్నకు నిమిషం పైన ఏడెనిమిది సెకన్లు. మెట్లన్నీ రాస్తూ కూర్చుంటే కుదరదు. నేను చేసేది:

వాలు –4/5 అనగానే ఎడమ పక్క 4ఎక్స్ + 5వై అని రాసేస్తా. అందులో (3, –2) వేస్తా, 12 – 10 = 2. జవాబు 4ఎక్స్ + 5వై = 2. భిన్నమే రాదు.

వాలు +4/5 అయితే 4ఎక్స్ – 5వై. వాలు ధనమైతే మధ్యలో మైనస్, రుణమైతే ప్లస్. అంతే.

సింగరాయకొండ_చిన్ని
వావ్, ఇది మాకు ఎవరూ చెప్పలేదు! కానీ ధనమైతే మైనస్ ఎందుకు? తిరగేసి గుర్తుపెట్టుకుంటానేమోనని భయం.

మైపాడు_అల
ఎఎక్స్ + బివై + సి = 0 లో వాలు –ఎ/బి కాబట్టి. వై ఒక్కదాన్నీ ఒక పక్క ఉంచి చూడు, తెలుస్తుంది. 4ఎక్స్ – 5వై = ఏదో సంఖ్య అంటే 5వై = 4ఎక్స్ – ఏదో సంఖ్య. వాలు 4/5. అనుమానం వచ్చిన ప్రతిసారీ ఇలా వెనక్కి వెళ్ళి చూసుకుంటే తిరగబడదు చిన్నీ.

కనిగిరి_బీటెక్
ర్యాంకర్ చేసింది కూడా నేను చెప్పిన దారే కదా. బిందువు వేసి స్థిరసంఖ్య కనుక్కోవడం. సి కాకపోతే ఇంకొకటి.

పొదిలి_మాస్టారు
అవును బాబూ, అది ఒప్పుకోవాల్సిందే. మూడు దారులూ ఒకే ఊరికి చేరతాయి. పిల్లకు మొదట ఏది చెప్పాలన్నదే నా పట్టింపు.

కందుకూరు_నర్సు
నాకు ఇంటర్ లెక్కలు పెద్దగా గుర్తులేవు, బైపీసీ చదివాను. కానీ మాస్టారు రాసింది చదువుతుంటే మా వార్డులో రోజూ చేసే లెక్క ఇదేననిపించింది. కొన్ని థర్మామీటర్లు సెల్సియస్‌లో చూపిస్తాయి. ముసలివాళ్ళేమో "ఎంతుందమ్మా, నూటొకటా నూట రెండా" అని అడుగుతారు. పుస్తకంలో సూత్రం ప్రకారం 9/5తో గుణించి 32 కలపాలి. నిలబడిన చోట 39ని 1.8తో గుణించడం ఎవరివల్ల అవుతుంది? నేను 37 అంటే 98.6 అని గుర్తుపెట్టుకుంటా. ఒక్కో సెల్సియస్ డిగ్రీకి 1.8 కలుపుతా. 39 అంటే రెండు డిగ్రీలు ఎక్కువ, 98.6 + 3.6 = 102.2. ఇది వాలు-బిందు రూపమే కదా మాస్టారూ?

పొదిలి_మాస్టారు
అచ్చంగా అదేనమ్మా! మీ బిందువు (37, 98.6), వాలు 1.8. ఎఫ్ – 98.6 = 1.8 (సి – 37). ఇందులో సి అంటే సెల్సియస్, ఎఫ్ అంటే ఫారెన్‌హీట్. విప్పితే 1.8 × 37 = 66.6, 98.6 లోంచి అది తీసేస్తే మిగిలేది 32. పుస్తకంలోని 32 అదే.

కనిగిరి బాబు చెప్పిన పద్ధతి ప్రకారం వెళ్తే ముందు సున్నా డిగ్రీల దగ్గరకు, అంటే మంచు కరిగే చోటికి పోయి, అక్కడి నుంచి 39 దాకా నడిచి రావాలి. జ్వరం చూసే మనిషికి సున్నాతో పనేముంది? తనకు తెలిసిన చోటు 37, కావాల్సింది దాని పక్కనే ఉంది. తెలిసిన చోటు నుంచే అడుగు వేయనిస్తుంది కాబట్టే నాకు ఈ రూపం అంటే అంత ఇష్టం. ఈ ఉదాహరణ రేపు క్లాసులో చెబుతాను.

కనిగిరి_బీటెక్
జ్వరానికి సరే మాస్టారూ. గ్రాఫ్ గీయాలంటే సి తెలియాలి కదా. అక్షం మీద చుక్క పెట్టి మొదలెడతాం.

పొదిలి_మాస్టారు
అక్కడా అక్కర్లేదు. (3, –2) దగ్గర చుక్క పెట్టు. వాలు –4/5 అంటే కుడికి 5, కిందికి 4. (8, –6) వస్తుంది. రెండు చుక్కలూ స్కేలుతో కలుపు. సి 2/5 అన్నావు, గ్రాఫ్ కాగితం మీద 2/5 దగ్గర చుక్క సరిగ్గా పెట్టడం కష్టం. ఇవి పూర్ణాంకాలు.

కనిగిరి_బీటెక్
ఇది బాగుంది. ఒప్పుకున్నా.

బిట్రగుంట_పాతరైలు
రైల్వే ఇంజనీరింగ్ విభాగంలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ట్రాక్ పక్కన పొట్టి స్తంభాలకు రెండు వైపులా చెక్క చేతుల్లాంటివి ఉంటాయి, చాలామంది చూసి ఉంటారు. వాటి మీద 200 అనో 400 అనో అంకె ఉంటుంది. 200 అంటే 200 మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు మారుతుందని. అంటే వాలు 1/200. చదునుగా ఉంటే ఇంగ్లీషు ఎల్ అక్షరం రాస్తారు.

మా పని మొత్తం ఒక బిందువు, ఒక వాలు మీదే నడిచేది. ఉదాహరణకి 1200 మీటర్ల చైనేజ్ (మొదలు నుంచి ట్రాక్ వెంట కొలిచిన దూరం) దగ్గర మట్టం 18.50 మీటర్లు అని సర్వేలో తేలింది. అక్కడి నుంచి 400కి 1 చొప్పున ఎక్కుతోంది. 1600 దగ్గర మట్టం ఎంత? 400 మీటర్లు ముందుకు పోయాం, ఒక మీటరు ఎక్కాం, 19.50. 1000 దగ్గర? 200 వెనక్కి, అర మీటరు తగ్గుతుంది, 18.00. ఎక్స్ – ఎక్స్₁ (ఎక్స్₁ అంటే తెలిసిన బిందువు ఎక్స్) మైనస్ వస్తే కంగారు పడేవాళ్ళను చూశాను. వెనక్కి నడిచాం అని దాని అర్థం, అంతకు మించి ఏమీ లేదు.

స్టేషన్ యార్డుల్లో మామూలుగా 400కి 1 కంటే ఎక్కువ వాలు పెట్టనివ్వరు. వీలైతే 1200కి 1 ఉంచమంటారు. లేకపోతే బ్రేకు సరిగా వేయని వ్యాగన్లు వాటంతటవే దొర్లిపోతాయి. కంటికి అసలు ఆనని వాలు అది. లెక్కలో మాత్రం పొరపాటు జరగకూడదు.

ఉలవపాడు_మామిడి
సార్, మీలాంటివాళ్ళు మాకు చదువుకునే రోజుల్లో దొరికి ఉంటే ఇంకో గ్రూపు తీసుకునేవాణ్ణి. ఎల్ అంటే లెవెల్ క్రాసింగ్ అనుకుంటూ తిరిగాం ఇన్నాళ్ళూ!

చీమకుర్తి_మేస్త్రి
మేము దీన్ని వాటం అంటాం. బాత్రూం ఫ్లోరింగ్‌లో ముందు జాలీ మట్టం ఖాయం చేసుకుంటాం. అది కదలదు. 4 అడుగులకు అంగుళం వాటం అనుకుంటే 6 అడుగుల అవతల గోడ దగ్గర అంగుళంన్నర ఎత్తు రావాలి. నీళ్ళ ట్యూబు పట్టి గోడ మీద గీత కొట్టి, జాలీ నుంచి ఆ గీతకు దారం లాగుతాం. ఆ దారమే మీ సరళరేఖ. టైల్సు దాని వెంట పోతాయి.

కావలి_నాన్న
మేస్త్రి గారూ, మీ మాట మా అమ్మాయికి చదివి వినిపించాను. "జాలీ బిందువు, వాటం ఎమ్" అని నోట్సులో రాసుకుంది.

ఒంగోలు_గిత్త
ఒకటి ఎవరూ చెప్పలేదు. నిలువు రేఖ. (3, –2) గుండా పోతూ వై-అక్షానికి సమాంతరంగా ఉండే రేఖ అడిగితే పిల్లలు వాలు 0 వేసి వై = –2 రాస్తారు. అది అడ్డ రేఖ. నిలువు రేఖకు వాలు నిర్వచితం కాదు, ఎక్స్‌లో మార్పు సున్నా, సున్నాతో భాగించలేం. కాబట్టి ఏ ఎమ్ సూత్రమూ అక్కడ పనికిరాదు. సరాసరి ఎక్స్ = 3 అని రాయాలి.

నెల్లూరు_ర్యాంకర్
బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఆప్షన్లు సరిగ్గా ఇలాగే ఇస్తారు. ఎక్స్ = 3, వై = –2 రెండూ పక్కపక్కనే ఉంటాయి.

ఉలవపాడు_మామిడి
మాస్టారూ, సందేహం. (వై + 2)/(ఎక్స్ – 3) = –4/5 అని భిన్నంలోనే వదిలేస్తే తప్పా? గుణించి రాయడం అందానికేనా?

పొదిలి_మాస్టారు
చాలా మంచి ప్రశ్న. అందానికి కాదు. ఆ భిన్నంలో ఎక్స్ = 3, వై = –2 వేసి చూడండి. 0/0 వస్తుంది, దానికి అర్థం లేదు. అంటే ఏ బిందువుతో మొదలుపెట్టామో అదే ఆ సమీకరణంలో ఇమడదు. రేఖలో ఒక చుక్క మేర కన్నం పడినట్టే. గుణించి వై + 2 = –4/5 (ఎక్స్ – 3) అని రాస్తే, అదే బిందువు దగ్గర 0 = 0 వస్తుంది. కన్నం పూడిపోయింది. రేఖ మొత్తం వచ్చింది.

దర్శి_గ్రంథాలయం
చరిత్ర ఇష్టమున్నవాళ్ళకు రెండు ముక్కలు. జ్యామితిని బీజగణితంతో ముడిపెట్టిన డెకార్ట్ రచన 1637లో వచ్చింది. అదే కాలంలో ఫెర్మా కూడా విడిగా అదే దారి పట్టాడు. కానీ ఇవాళ మనం గీసే ఎక్స్, వై అక్షాల జత గానీ, వై – వై₁ = ఎమ్(ఎక్స్ – ఎక్స్₁) గానీ వాళ్ళ రాతల్లో ఈ రూపంలో కనిపించవు. ఒక బిందువు గుండా ఇచ్చిన వాలుతో పోయే రేఖను ఇలా రాయడం పద్ధెనిమిదో శతాబ్దం చివర్లో ఫ్రెంచి గణితవేత్త గాస్పార్ మోంజ్ చేతిలో స్థిరపడింది. మన పిల్లలు ఒక్క పీరియడ్‌లో రాసేది కుదురుకోవడానికి నూరేళ్ళకు పైనే పట్టింది.

మైపాడు_అల
అందుకే ఒక్క రోజులో రాలేదని పిల్లల్ని తిట్టకూడదు.

నా ట్యూషన్‌లో ఎక్కువ తప్పులు వచ్చేది మైనస్ గుర్తు దగ్గర. అందుకని అంకెలు వేయకముందే ఖాళీ బ్రాకెట్లు రాయిస్తాను. వై – ( ) = ఎమ్ [ఎక్స్ – ( )]. తర్వాత బ్రాకెట్లలో నిరూపకాలు గుర్తుతో సహా పెట్టమంటాను. వై – (–2). అప్పుడు ప్లస్ అవుతుందని ఎవరూ చెప్పక్కర్లేదు, కళ్ళ ముందే కనిపిస్తుంది. మీ అమ్మాయికి ఇది అలవాటు చేయించండి.

ఇంకొకటి, జవాబు వచ్చాక అందులో ఇచ్చిన బిందువు వేసి సున్నా వస్తుందో లేదో చూడమనండి. 4(3) + 5(–2) – 2 = 0. తర్వాత వాలు –ఎ/బి, అంటే –4/5. రెండూ సరిపోతే ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

సింగరాయకొండ_చిన్ని
వాలు బదులు కోణం ఇస్తే? (2, 3) గుండా పోతూ ఎక్స్-అక్షంతో 135 డిగ్రీలు చేసే రేఖ అని మా పుస్తకంలో ఉంది.

ఒంగోలు_గిత్త
వాలు అంటే టాన్ తీటానే. టాన్ 135 = –1. వై – 3 = –1(ఎక్స్ – 2). ఎక్స్ + వై – 5 = 0.

కావలి_నాన్న
మా అమ్మాయి వాలు నిర్వచనం నుంచి తనంతట తనే సూత్రం రాబట్టింది. ఖాళీ బ్రాకెట్లు కూడా రాస్తోంది. ఇంకో లెక్క ఇవ్వమంటోంది, కాస్త గట్టిది.

పొదిలి_మాస్టారు
4ఎక్స్ + 3వై – 7 = 0 కు లంబంగా ఉంటూ (–3, 4) గుండా పోయే రేఖ సమీకరణం. అది తేలితే, ఆ రేఖ మీద (–3, 4) నుంచి 5 యూనిట్ల దూరంలో ఉన్న బిందువులు. సౌష్ఠవ రూపం వాడకుండా, వాలుతోనే ఆలోచించమనండి.

సింగరాయకొండ_చిన్ని
నేనూ చేస్తా! ఇచ్చిన రేఖ వాలు –4/3. లంబ రేఖల వాలుల లబ్ధం –1 కాబట్టి లంబ రేఖ వాలు 3/4. వై – 4 = 3/4 (ఎక్స్ + 3), విప్పితే 3ఎక్స్ – 4వై + 25 = 0. బిందువు వేసి చూశా, –9 – 16 + 25 = 0, సరిపోయింది. రెండోదానికి ఒక చిన్న క్లూ ఇవ్వండి మాస్టారూ.

బిట్రగుంట_పాతరైలు
వాలు 3/4. కుడికి 4 పోయి పైకి 3 ఎక్కితే రేఖ వెంట ఎంత దూరం నడిచినట్టు?

కావలి_నాన్న
మా అమ్మాయి రాసిన జవాబు ఇక్కడ పెడుతున్నాను. "3, 4, 5 లంబకోణ త్రిభుజం. కుడికి 4, పైకి 3 పోతే (1, 7). ఎడమకి 4, కిందికి 3 పోతే (–7, 1). రెండింటినీ సమీకరణంలో వేసి చూశాను, సున్నా వచ్చింది."

పొదిలి_మాస్టారు
రెండూ కరెక్ట్. చాలామంది (1, 7) దగ్గరే ఆగిపోతారు. ఇప్పుడు ఆ సూత్రాల కాగితంలో సౌష్ఠవ రూపం తీసి చూడమనండి. కాస్ తీటా 4/5, సైన్ తీటా 3/5, దూరం 5 అని వేస్తే ఆమె చేసిన పనే అక్కడ రాసి ఉంటుంది.